అక్కఱకు వచ్చు బస్సు

ప్రతిదినము మన గుమ్మము ముందుగా పోవు వస్తువును మనము చూచియు చూడము. పల్లెనుండి పట్టణమునకు విద్యార్థులను, కూరగాయల గంపలను, కోర్టు వాయిదాలకు పోవు కక్షిదారులను మోసికొనిపోవు బస్సు అట్టిదే. వేళకు వచ్చిననాడు దానిని తలపము. రానినాడు మాత్రము దూషింతుము. అట్టి బస్సునకు మఱియొక పని కూడ కలదనియు, ఆ పనికై దానిని పుట్టుకనుండియే సిద్ధపఱుపవలెననియు మేమిచ్చట చెప్పదలచినాము. ఘోరమైన ప్రమాదము గాని, వరద గాని, అగ్నిబాధ గాని సంభవించినపుడు కుర్చీలు తొలగించి, స్ట్రెచర్లు బిగించి, గాయపడినవారిని పలువురిని ఒక్కసారిగా ఆసుపత్రికి చేర్చుటయే ఆ పని. ఇది వింతకోరిక గాదు. శతాబ్దమునకు పైగా లోకమందు పలుతావుల జరిగిన పనియే. మనదేశమునను ఆపద వచ్చినపుడెల్ల తొందరతోడను, తడబాటుతోడను జరుగుచున్న పనియే. తొందరలో చేయుదానిని తీరికగా ముందే ఆలోచించి చేయుమనుటయే మా విన్నపము.

ఈ విషయమును విచారించుటకు సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పట్టణములకంటె తగిన చోటు మఱియొకటి మాకు కానరాదు. ఈ మూడు పట్టణములు పటములో త్రిభుజముగ నున్నవి. హైదరాబాదునుండి విజయవాడకు పోవు 65వ నెంబరు జాతీయ రహదారి సూర్యాపేటను, కోదాడను కలుపుచున్నది. కోదాడనుండి హుజూర్‌నగర్ మీదుగా 167వ నెంబరు రహదారి మిర్యాలగూడకు పోవుచున్నది. మిర్యాలగూడనుండి సూర్యాపేటకు వచ్చు త్రోవ మూడవ భుజము. నార్కట్‌పల్లి–అద్దంకి రహదారి మిర్యాలగూడను మఱియొక దిక్కునుండి తాకుచున్నది. మిర్యాలగూడకు బీబీనగరు–నడికుడి రైలుమార్గము కలదు. సూర్యాపేట, కోదాడ పట్టణములకు నేటికిని రైలు స్టేషను లేదు. కావున ఆ రెండు పట్టణముల ప్రజలకు రోడ్డే రైలు, బస్సే పెట్టె. వివాహమునకైనను, వ్యాజ్యమునకైనను, వైద్యమునకైనను ఆ రోడ్డు మీదనే పోవలెను.

ఆ రోడ్డు మీది బరువు మాత్రము నానాటికి పెరుగుచున్నది. 1955 డిసెంబరు 10న శంకుస్థాపనమైన నాగార్జునసాగరమునుండి 1967లో కాలువలకు నీరు వదలిన తరువాత, ఎడమకాలువ క్రింద మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ ప్రాంతములు వరిచేలయ్యెను. వరి పండినచోట మిల్లులు వెలసెను. మిల్లులు వెలసినచోటికి లారీలు వచ్చెను. మిర్యాలగూడ నేడు బియ్యపు మిల్లులకు పేరుపడిన పట్టణము. మేళ్లచెర్వు, మట్టంపల్లి వైపు సిమెంటు కర్మాగారములు కలవు. కోతలనాడు ధాన్యపు ట్రాక్టర్లు, ఏడాది పొడుగున సిమెంటు లారీలు, పండుగలకు నగరమునుండి కోస్తాకు పోవు కార్లు, రాత్రులందు దూరప్రాంతపు బస్సులు, అన్నియు ఈ త్రోవలనే పంచుకొనుచున్నవి. నాలుగు వరుసల రహదారి 2012 నాటికి సిద్ధమైన తరువాత ప్రయాణపు కాలము తగ్గినది, వేగము పెరిగినది, వేగముతోపాటు దెబ్బయొక్క తీవ్రతయు పెరిగినది. 2014 డిసెంబరులో ఆకుపాముల వద్ద నందమూరి జానకిరాముగారును, 2018 ఆగస్టు 29న నల్లగొండ సమీపమున వారి తండ్రి హరికృష్ణగారును ఈ జిల్లాల రోడ్ల మీదనే మరణించిరి. పేరుగలవారు పోయినపుడు లోకమునకు తెలిసినది. పేరులేనివారు పోయినపుడు ఆ యింటివారికే తెలియును.

ప్రమాదము జరిగిన తరువాత ఏమి జరుగుచున్నది? 2005 ఆగస్టు 15న హైదరాబాదులో ఆరంభమైన 108 సేవను మేము మనసార ప్రశంసించుచున్నాము. అంతకు పూర్వము రోగిని మంచము మీద పరుండబెట్టి నలుగురు మోసికొనిపోవుటయో, ఎడ్లబండి కట్టుటయో, కారుగల ఆసామి గుమ్మము తట్టుటయో తప్ప పల్లెలకు వేఱు దారి లేకుండెను. నేడు ఫోనులో మూడంకెలు నొక్కినంతనే బండి బయలుదేరుచున్నది. ఇది చిన్న మార్పు గాదు. అయినను ఆ బండి యెంత గొప్పదైనను పరుండియున్న రోగిని ఒక్కని, మహాయైన ఇద్దఱిని మాత్రమే మోయగలదు. గుండెపోటుకు, ప్రసవమునకు, మోటారుసైకిలు దెబ్బకు అది చాలును. బస్సు లోయలో పడినపుడు చాలదు. 2018 సెప్టెంబరు 11న జగిత్యాల జిల్లా కొండగట్టు ఘాటులో ఆర్.టి.సి. బస్సు పడిపోయి అఱువదిమందికి పైగా మరణించిరి. అట్టి సందర్భమున వచ్చిన మొదటి అంబులెన్సు ఒకరిని ఎత్తుకొని పోయిన తరువాత తక్కినవారు రోడ్డు ప్రక్కన మఱియొక బండికై కాచుకొనవలసినదే. ఆ కాచుకొను నిమిషములే ప్రాణము.

మన చట్టమే యీ సంగతిని ఒప్పుకొన్నది. మోటారు వాహనముల చట్టమునకు 2019లో చేసిన సవరణలో, దెబ్బ తగిలిన తరువాతి మొదటి గంటను ‘గోల్డెన్ అవర్’ అని పేర్కొని, ఆ గంటలో చికిత్స దొరకినచో మరణమును తప్పించుటకు ఎక్కువ అవకాశము కలదని నిర్వచించిరి. గాయపడినవారికి సాయపడిన దారిన పోవువానిని కేసులలోనికి లాగరాదని అదే సవరణ రక్షణ యిచ్చినది. 2025 మే నెలలో కేంద్రప్రభుత్వమువారు ప్రకటించిన పథకము ననుసరించి రోడ్డు ప్రమాదములో గాయపడినవారికి ఏడు దినములవఱకు, లక్షా ఏబదివేల రూపాయల మేరకు, చేతి డబ్బు లేకుండ చికిత్స జరుగవలెను. సూర్యాపేటలో 2019నుండి ప్రభుత్వ వైద్య కళాశాలయు నడచుచున్నది. చట్టము కలదు, ధనము కలదు, వైద్యుడు కలడు. గాయపడినవారు పదుగురైనపుడు వారిని ఆ గంటలోపల వైద్యుని యొద్దకు చేర్చు బండియే కొఱతగా నున్నది. ఆ బండిని క్రొత్తగా వెదకనక్కఱ లేదు. మూడు పట్టణముల డిపోలలోను అది రాత్రింబవళ్లు నిలిచియే యున్నది.

బస్సును అంబులెన్సుగా మార్చిన చరిత్రను కొంచెము పరికింతము. 1914లో ఐరోపా యుద్ధము ఆరంభమైనపుడు లండను వీథులలో తిరుగుచుండిన బి-టైపు బస్సులను సైన్యమువారు తీసికొనిరి. సుమారు తొమ్మిదివందల బస్సులు సముద్రము దాటి ఫ్రాన్సు, బెల్జియముల రణరంగములకు పోయెను. వానిలో అధికభాగము సైనికులను మోసినవి; కొన్ని అంబులెన్సులుగ మారినవి; కొన్ని వార్తలు గొనిపోవు పావురములకు గూళ్లయినవి. అప్పుడు చేసినదంతయు అవసరమునకు చేసిన పని. ఆ బస్సులను కట్టినవారు గాయపడినవారిని తలచి కట్టలేదు.

ఇరువదియైదేండ్ల తరువాత 1939లో జరిగిన పని వేఱు. విమానముల బాంబులకు లండను నగరము గురియగునని బ్రిటిషు ప్రభుత్వమువారు ముందుగనే యెంచి, నగరమునుండి చుట్టుప్రక్కల పట్టణములకు నడచు గ్రీన్‌లైను బస్సులను అంబులెన్సుల పనికి నిర్ణయించియుంచిరి. ఆగస్టు 31 రాత్రితో ఆ బస్సుల రాకపోకలు నిలిపివేసిరి. కుర్చీలు తీసివేసి, స్ట్రెచర్లు నిలుచు చట్రములు బిగించిరి. యుద్ధము ప్రకటింపబడినది సెప్టెంబరు 3న. అనగా యుద్ధమునకు ముందే వందలాది బస్సులు అంబులెన్సులై, నగరపు ఆసుపత్రులలోని రోగులను వెలుపలి ఊళ్లకు చేర్చుటకు నిలిచినవి. 1914నకును 1939నకును గల భేదము యంత్రములో లేదు; ముందుచూపులో కలదు. మొదటిసారి ఆపద వచ్చి బస్సును వెదకినది. రెండవసారి బస్సు ఆపదకై కాచుకొని యుండెను.

మన ప్రాంతపు బస్సు చరిత్రయు చిన్నది గాదు. నిజాము రాష్ట్ర రైల్వేవారు 1932 జూను నెలలో రోడ్డు రవాణా శాఖను 27 బస్సులతోడను, 166 మంది ఉద్యోగులతోడను ఆరంభించిరి. రైలును బస్సును ఒక్క యజమానియే నడపినచో ఒకదానితో నొకటి పోటీపడక, రైలు లేని తావులకు బస్సు పోవునని వారి యాలోచన. సూర్యాపేట, కోదాడవంటి రైలు లేని ఊళ్లకు ఆ యాలోచన యెంత యుపకరించునో వేఱుగ చెప్పనక్కఱలేదు. ఆనాటి బస్సులు స్కాట్లండు దేశపు గ్లాస్గో నగరములో పుట్టిన ఆల్బియను కంపెనీవి. ఉదయించు సూర్యుడు ఆ కంపెనీవారి గుర్తు. ఆ కాలపు ఆల్బియను బస్సునొకదానిని సంస్థవారు హైదరాబాదులో నేటికిని భద్రపఱచి, ఉత్సవదినములలో ప్రజలకు చూపుచున్నారు. ఆ శాఖ 1951 నవంబరు 1న రైల్వేనుండి విడివడి హైదరాబాదు ప్రభుత్వపు శాఖయైనది. 1958 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థయైనది. రాష్ట్రము విడిపోయిన తరువాత తెలంగాణమునకు వేఱు సంస్థ యేర్పడినది.

ఆ పాతబస్సునుండి మనము నేర్వదగిన దొకటి కలదు. ఆ కాలమున మోటారు బండిని రెండు భాగములుగ చేయుచుండిరి. ఇంజను, చక్రములు, చట్రము ఒక చోట తయారగును. దాని మీది గూడును వడ్రంగులు, కమ్మరులు వేఱొక చోట కట్టుదురు. కఱ్ఱచట్రము, దాని మీద లోహపు రేకు, కఱ్ఱనేల, ఆ నేలకు మరలతో బిగించిన బల్లలు, ఇంతియే ఆ గూడు. ఒకే చట్రము మీద బస్సుగూడు పెట్టినచో బస్సు, తొట్టి పెట్టినచో లారీ, పడకలు పెట్టినచో అంబులెన్సు. మంచి మేస్త్రీయు, నలుగురు పనివారును కలిసినచో బల్లలు విప్పుట పెద్దపని గాదు. నేటి బస్సు అంతకంటె బలమైనది, భద్రమైనది, సుఖమైనది. కాని దాని గూడు ఇనుముతో అతికిన పెట్టె. కుర్చీలు ఇనుపనేలకు బోల్టులతో బిగించియుండును. దాని రూపమును తయారుచేయునపుడే నిర్ణయింపవలెను; తరువాత మార్చుట కష్టము. పాతబస్సు మార్పునకు లొంగునది కావున ముందుచూపు లేకున్నను కొంత జరిగెను. క్రొత్తబస్సు లొంగదు కావున ముందుచూపు తప్పదు.

మన పల్లెవెలుగు బస్సునే యుదాహరణముగ గైకొందము. నేల యెత్తు, మెట్లు నిటారు, ద్వారము ఇఱుకు, లోపల ఒకవైపు మూడేసి, మఱియొకవైపు రెండేసి కుర్చీలు, నడుమ ఒక మనిషి ప్రక్కకు తిరిగి పోవునంత దారి. కాలు విఱిగినవానిని స్ట్రెచరు మీద పరుండబెట్టి ఆ మెట్లమీదుగ ఎక్కించి, మూల తిప్పి, లోపలికి తీసికొనిపోవుట సాధ్యమగునా? ఎత్తినవారి చేతులలో స్ట్రెచరు నిలువుగ లేచును, రోగి జాఱును. చివరకు అతనిని భుజముల క్రింద చేతులు వేసి లాగి కుర్చీ మీద కూలవేయుదురు. వెన్నెముక దెబ్బతిన్నవానికి ఆ సాయమే అపకారమగును. కావున బస్సు కలదు గదా, ఎక్కించినచో సరి యనుట చాలదు. మార్పునకు తగినట్లు బస్సును నిర్మింపవలెను.

అట్టి బస్సులో ఏమేమి యుండవలెను? మొదటిది వెనుకద్వారము. ఆపదవేళ వెలికి వచ్చుటకు బస్సులలో అత్యవసర ద్వారముండవలెనని నిబంధన ఎట్లును కలదు. ఆ ద్వారమునే వెనుకభాగమున వెడల్పుగ పెట్టి, స్ట్రెచరు అడ్డములేక తిన్నగ లోపలికి పోవునట్లు చేసినచో ఒకే ద్వారము రెండు పనులకు వచ్చును. ప్రమాదములో వెలికి వచ్చుటకు, ప్రమాదము తరువాత లోనికి పోవుటకు. రెండవది కుర్చీలు. వానిని నేలకు శాశ్వతముగ బిగింపక, పట్టాల మీద జాఱునట్లు అమర్చి, మీట యొకటి ఎత్తినంతనే వరుస వరుసగ ఊడివచ్చునట్లు చేయవచ్చును. మూడవది గోడలలోని నిలువుకమ్ములకు ముందే అతికిన కొక్కెములు. వానికి తగిలించినచో స్ట్రెచర్లు రెండంతస్తులుగ నిలుచును. నాలుగవది ప్రాణవాయువు సిలిండరును కదలకుండ కట్టు తావు, తగిన దీపములు, పరికరములకు విద్యుత్తు. అయిదవది స్ప్రింగుల సంగతి. ఏబదిమంది బరువునకు తగిన స్ప్రింగులుగల బస్సులో పదిమందినే పరుండబెట్టినచో అది గుంటగుంటకు ఎగిరిపడును. విఱిగిన యెముకకు ఆ కుదుపు నరకము. గాలిసంచుల స్ప్రింగులు కలిగిన బస్సులనే యీ పనికి ఎన్నుకొనవలెను. నగరములలోని క్రిందినేల బస్సులకు వెడల్పు ద్వారములు, తక్కువ మెట్లు కలవు. వానిని మార్చుట సులభము. జిల్లా బస్సులకు ఆ భాగ్యము లేదు. ప్రమాదములు మాత్రము జిల్లా రోడ్ల మీద కొదువ లేదు.

బస్సు గూడు ఎట్లుండవలెనో తెలుపు భారతీయ ప్రమాణము ఎ.ఐ.ఎస్. 052. అంబులెన్సు ఎట్లుండవలెనో తెలుపునది ఎ.ఐ.ఎస్. 125. రెండును మంచివే, కాని రెండు వేఱు గ్రంథములు. బస్సుగ తిరుగుచు అవసరమునకు అంబులెన్సు కాగల బండిని కట్టదలచినవాడు రెంటిని ప్రక్కప్రక్కన పెట్టి చదువవలెను. ఆ చదువును ప్రభుత్వపు నిపుణులు ఒకసారి చదివి, ఒక నమూనాను సిద్ధపఱచినచో ప్రతి కంపెనీయు మరల చదువనక్కఱలేదు.

మనవారికి ఈ పని చేతగాదని యెవరును అనలేరు. 2020లో కోవిడ్ మహమ్మారి వచ్చినపుడు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమువారు ఆర్.టి.సి. ఇంద్ర బస్సులలో కొన్నిటిని సంజీవని బస్సులుగ మార్చి, ఊరూర పరీక్షలు చేయించిరి. 2021లో కర్ణాటక రవాణా సంస్థవారు బస్సులో పడకలు, ప్రాణవాయువు అమర్చి తీవ్ర చికిత్సకు తగినట్లు చేసిరి. 2023 జూను 2న ఒడిశా రాష్ట్రములోని బాలేశ్వరము వద్ద రైళ్లు ఢీకొన్నపుడు గాయపడినవారు వేయిమందికి తక్కువ గారు. అంబులెన్సులతోపాటు బస్సులను కూడ పంపి వారిని ఆసుపత్రులకు చేర్చిరి. మన తెలంగాణ సంస్థవారే 2020లో సరకుల రవాణా ఆరంభించి, పాతబస్సుల కుర్చీలు తీసివేసి వానిని పార్సిలు బండ్లుగ మార్చిరి. ధాన్యపు మూటకు చోటు చేయగలిగిన చేతులు గాయపడిన మనిషికి చోటు చేయలేవా? నేర్పు కొఱత లేదు. ఆపద గడచినంతనే ఆ నేర్పును మఱచుటయే మన కొఱత.

మూడు పట్టణములలోను వేర్వేరుగ బస్సులుండవలెనని మేమనుటకు కారణము కలదు. ఈ రోడ్డు తెగు రోడ్డు. 1948 సెప్టెంబరులో భారతసైన్యము విజయవాడ వైపునుండి కోదాడ, మునగాల మీదుగ సూర్యాపేటకు వచ్చినపుడు, వెనుదిరుగుచుండిన నిజాము సేనలు మూసీ వంతెనను పడగొట్టెను. సైన్యమువారు దానిని త్వరలోనే సరిచేసికొని ముందుకు సాగిరి. ఆ కాలమున మునగాల పరగణా చుట్టును నిజాము రాజ్యముండగా, తాను మాత్రము కృష్ణా జిల్లాకు చెందియుండెను. అనగా ఒక్క రోడ్డు మీదనే పోవువాడు రెండు ప్రభుత్వముల హద్దులను దాటవలసియుండెను. ఆ హద్దులు పోయినవి. వంతెనల బలహీనత పోలేదు. 2024 సెప్టెంబరు 1న కురిసిన కుంభవృష్టికి రాష్ట్రముల సరిహద్దున గరికపాడు వద్ద పాలేరు వంతెన దెబ్బతిని, హైదరాబాదు–విజయవాడ రాకపోకలు నిలిచిపోయినవి. కోదాడ వీథులు నీట మునిగినవి. నడిగూడెము మండలమున సాగరు ఎడమకాలువకు గండిపడినది. అదే వానకు వరంగల్లు వైపు రైలుకట్టయు కొట్టుకొనిపోయినది. అట్టి దినమున హైదరాబాదునుండి సహాయము వచ్చుననుకొనుట వ్యర్థము. సూర్యాపేటకును కోదాడకును నడుమ దారి తెగినచో కోదాడను కోదాడయే కాపాడుకొనవలెను. లేదా హుజూర్‌నగరు త్రోవను మిర్యాలగూడనుండి బండి రావలెను. త్రిభుజములో ఒక భుజము తెగినను తక్కిన రెండు భుజములుండును. ఆ బలము ప్రకృతి మనకిచ్చినది; వినియోగించుట మన వంతు.

దీనికి కొందఱు చెప్పు ఆక్షేపణములను విందము. ఏడాదికొకసారియో, రెండేండ్లకొకసారియో వచ్చు ఘోరమునకై ఇంత వ్యయమేల యనువారు కలరు. మేము ప్రత్యేకముగ బండ్లను కొని మూలపెట్టుమనుట లేదు. ఈ బస్సు మూడువందల అఱువది దినములు టిక్కెట్ల డబ్బు తెచ్చుచునే యుండును. అదనపు ఖర్చు వెనుకద్వారమునకు, పట్టాలకు, కొక్కెములకు మాత్రమే; అదియు క్రొత్తబస్సు తయారగునపుడు చేసినచో స్వల్పము, తరువాత చేసినచో అధికము. 108 బండ్లనే పెంచరాదా యనువారు కలరు. పెంచవలసినదే, మేము కాదనము. కాని ఎన్ని పెంచినను అవి దినదినపు రోగులకు తిరుగుచునే యుండును. ఒక్కసారిగా నలువదిమంది గాయపడు గంటకై నలువది బండ్లను ఒకే చోట నిలిపియుంచుట ఏ ప్రభుత్వమునకు సాధ్యము?

మూడవ ఆక్షేపణ బలమైనది. తెలియనివారు రోగిని కదలించుట ప్రమాదకరము. బస్సు డ్రైవరు వైద్యుడు గాడు. ఇది నిజము. కావుననే బస్సుతోపాటు మనిషినికూడ సిద్ధపఱుపవలెను. స్ట్రెచరు మోయుట కూలిపని గాదు, విద్య. దక్షిణాఫ్రికాలో బోయరు యుద్ధకాలమున, 1899లో, గాంధీగారు భారతీయులతో అంబులెన్సు దళము నేర్పఱచినపుడు సుమారు 1,100 మంది చేరిరి. వారిలో అత్యధికులు కూలి ఒడంబడికల మీద సముద్రము దాటినవారు. మద్రాసు రాజధానినుండి ఆ దేశమునకు పోయిన కూలీలలో తెలుగువారు పెక్కండ్రు. ఆ దళమువారు తుపాకి గుండ్ల నడుమనుండి గాయపడినవారిని మోసికొని దినమునకు ఇరువది, ఇరువదియైదు మైళ్లు నడచిరి. కాని నడచుటకు ముందు వారు శిక్షణము పొందిరి. ఆ క్రమమును మనమును పాటింపవలెను. తీవ్రముగ గాయపడినవానిని 108 లోనే పంపవలెను. పరుండవలసినవారైనను ప్రాణభయము లేనివారిని బస్సు స్ట్రెచర్ల మీద చేర్పవలెను. నడువగలవారిని ఊడదీయక మిగిల్చిన కుర్చీలలో కూర్చుండబెట్టవలెను. ఎవరిని దేనిలో పంపవలెనో నిర్ణయించువాడు శిక్షణ పొందిన వైద్యసహాయకుడై యుండవలెను. అట్లు చేసినచో బస్సు అంబులెన్సుకు పోటీ గాదు. దాని భారమును తగ్గించు తమ్ముడు.

ఇక చేయవలసిన పని స్పష్టము. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ డిపోలు మూడును నల్లగొండ రీజియనుకు చెందినవే కావున ఒక్క అధికారి యాజ్ఞతో ఇది జరుగవచ్చును. ఒక్కొక్క డిపోకు ఇట్టి బస్సులు రెండేసి చాలును. వానిని దూరపు ప్రయాణములకు పంపక, డిపోకు దగ్గఱి త్రోవలలోనే త్రిప్పవలెను. పిలుపు వచ్చినపుడు ఒకటియైనను గంటలోపల, వీలైనచో అరగంటలోపల, సిద్ధము కావలెను. మడత స్ట్రెచర్లు, దుప్పట్లు, కట్టుగుడ్డలు డిపోలోనే పెట్టెలో భద్రపఱచి, నెలకొకసారి లెక్క చూడవలెను. డ్రైవర్లకు, కండక్టర్లకు, మెకానిక్కులకు తార్నాకలోని సంస్థవారి సొంత ఆసుపత్రిలోనో, సూర్యాపేట వైద్యకళాశాలలోనో శిక్షణము నీయవచ్చును. ఏడాదికి రెండుసార్లు గడియారము పట్టుకొని అభ్యాసము చేయవలెను. కుర్చీలెంతసేపటిలో ఊడినవి, స్ట్రెచర్లెంతసేపటిలో ఎక్కినవి, కోర్లపహాడు టోలుగేటునొద్ద బండి ఆగినదా, ఆగక పోయినదా అని వ్రాసికొనవలెను. అభ్యాసము లేని యేర్పాటు కాగితము మీది యేర్పాటే. అట్టి కాగితములు మన కచ్చేరీలలో చాలినన్ని కలవు.

పట్టణముల పెద్దలకు, ఆసాములకు ఇందు కర్తవ్యము లేకపోలేదు. మిల్లుల యజమానులకు, లారీల యజమానులకు ఈ రోడ్లవలన లాభము కలదు. ఆ లాభములో కొంత స్ట్రెచర్లకు, ప్రాణవాయువునకు వెచ్చించుట దానము గాదు, ఋణము తీర్చుకొనుట. గ్రామములలోని యువకులు డిపోవారి అభ్యాసములో పాల్గొనవచ్చును. ప్రమాదము జరిగినపుడు మొదట చేరువారు పోలీసులు గారు, వైద్యులు గారు. ప్రక్కపొలములో పనిచేయు రైతులే. వారికి గాయపడినవానిని ఎట్లు ఎత్తవలెనో, ఎట్లు ఎత్తరాదో తెలిసియున్నచో సగము పని అక్కడనే జరుగును.

ఆలస్యము చేయరాదనుటకు ఒక కారణము కలదు. నేడు రవాణా సంస్థలు డీసెలు బస్సులకు మాఱుగ ఎలక్ట్రిక్ బస్సులను ప్రవేశపెట్టుచున్నవి. వానిలో పెక్కు బస్సులకు యజమానులు కంపెనీలవారు. సంస్థవారు కిలోమీటరుకింత యని యిచ్చి నడిపించుచున్నారు. అట్టి ఒడంబడిక ఒకసారి వ్రాసికొనిన తరువాత పెక్కేండ్లు నడచును. ఒడంబడికలో లేని వెనుకద్వారమును తరువాత ఎవడును పెట్టడు. కావున రాబోవు బస్సుల టెండరు పత్రములు వ్రాయు అధికారులను, ఆ పత్రములను ఆమోదించు మంత్రులను, ఈ మూడు నియోజకవర్గముల శాసనసభ్యులను మేము కోరునది ఒక్కటే. వందలాది షరతుల నడుమ ఈ షరతును కూడ చేర్పుడు: ప్రతి డిపోకు ఇచ్చు బస్సులలో రెండు, ఆపద వచ్చిన గంటలోపల గాయపడినవారిని పరుండబెట్టి మోయగలవిగ నుండవలెను. ఆ వాక్యమును వ్రాయుటకు ఒక్క నిమిషము పట్టును. వ్రాయకపోయినచో ఆ నిమిషపు వెలను మునగాల త్రోవలోనో, హుజూర్‌నగరు త్రోవలోనో, రాత్రివేళ రోడ్డు ప్రక్కన పరుండి రెండవ బండికై ఎదురుచూచువాడు చెల్లింపవలసివచ్చును.